పిల్లల ఆపరేషన్, మత్తు, మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను మత్తు డాక్టర్ని. ఎక్కువగా పిల్లల కేసులే చూస్తాను: హెర్నియా, టాన్సిల్స్, మెల్లకన్ను, గ్రహణం మొర్రి. ఈ మధ్య చాలామంది తల్లిదండ్రులు ఫోన్‌లో ఏదో చదివి, ఆపరేషన్ ముందురోజు రాత్రి నిద్ర మానుకుని వస్తున్నారు. వాళ్లు అడిగినవీ, అడగాల్సి ఉండి అడగనివీ ఇక్కడ రాస్తున్నాను.

మాలిగ్నెంట్ అంటే క్యాన్సరా?

కాదు. ఆ పేరు పెట్టినవాళ్లు మనల్ని భయపెట్టడానికే పెట్టారా అనిపిస్తుంది. ఇక్కడ మాలిగ్నెంట్ అంటే ప్రాణం మీదికి తెచ్చేది అని, హైపర్‌థర్మియా అంటే ఒళ్లు విపరీతంగా వేడెక్కడం అని అర్థం. కొందరికి పుట్టుకతోనే కండరాల్లో ఒక లోపం ఉంటుంది. మామూలు రోజుల్లో అది బయటపడదు. కొన్ని రకాల మత్తుమందులు తగిలినప్పుడు మాత్రం ఒంట్లోని కండరాలన్నీ అదుపు తప్పి పనిచేయడం మొదలుపెడతాయి. ఆసుపత్రుల్లో దీన్ని పొడి అక్షరాల్లో ఎంహెచ్ అంటాం. ఇకపై నేనూ అలాగే రాస్తాను.

అసలు లోపల ఏం జరుగుతుంది?

చెయ్యి ముడిచినప్పుడు కండరం బిగుసుకోవడానికి కారణం కాల్షియం. కండర కణంలో దానికో గిడ్డంగి ఉంటుంది. నరం నుంచి కబురు రాగానే గిడ్డంగి తలుపు తెరుచుకుని కాల్షియం బయటికొస్తుంది, కండరం బిగుస్తుంది. పని అయిపోగానే కాల్షియం మళ్లీ లోపలికి వెళ్తుంది, కండరం వదులవుతుంది. ఆ తలుపు పేరు రయనోడిన్ రిసెప్టర్. దాన్ని తయారుచేసే జన్యువు ఆర్‌వైఆర్1, 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఎంహెచ్ ఉన్న కుటుంబాల్లో ఎక్కువ భాగం లోపం అక్కడే. సీఏసీఎన్ఏ1ఎస్ అనే ఇంకో జన్యువు కారణమైన కుటుంబాలూ కొన్ని ఉన్నాయి.

ఈ లోపం ఉన్నవాళ్లకు ఆ మత్తుమందు తగిలితే తలుపు తెరుచుకుని మూతపడదు. కాల్షియం వచ్చేస్తూనే ఉంటుంది. పిల్లవాడు బల్ల మీద కదలకుండా పడుకుని ఉంటాడు గానీ, లోపల కండరాలు పరుగు పందెంలో ఉన్నట్టు శక్తిని కాల్చేస్తుంటాయి. దాంతో ఆక్సిజన్ తెగ ఖర్చవుతుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, రక్తంలో ఆమ్లం పెరుగుతుంది, వేడి పుడుతుంది. కాసేపటికి కండర కణాలు పగిలి లోపలి పొటాషియం రక్తంలోకి వస్తుంది. పొటాషియం హద్దు దాటితే గుండె లయ తప్పుతుంది. కండరాల్లోని మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ కిడ్నీల దాకా వెళ్లి మూత్రాన్ని చిక్కటి డికాషన్ రంగులోకి మారుస్తుంది.

ఇది జ్వరం కాదు. మెదడులోని ఉష్ణోగ్రత కేంద్రానికీ దీనికీ సంబంధం లేదు. కాబట్టి పారాసెటమాల్ దీనిమీద పనిచేయదు.

దీన్ని ఎప్పుడు గుర్తించారు?

1960లో, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో. కాలు విరిగిన 21 ఏళ్ల కుర్రాడిని ఆపరేషన్‌కి తెచ్చారు. అతనికి కాలు గురించి కంటే మత్తు గురించే ఎక్కువ బెంగ. వాళ్ల బంధువుల్లో 10 మంది ఈథర్ మత్తు ఇచ్చాక చనిపోయారట. అప్పటికి కొత్తదైన హాలోథేన్ ఇస్తే ఏమీ కాదనుకున్నారు. ఇచ్చిన కాసేపటికే అతని పరిస్థితి దిగజారి, ఒళ్లు కాలిపోయింది. వెంటనే మత్తు ఆపేసి ఐస్‌తో చల్లబరిస్తే బతికాడు. మైకేల్ డెన్‌బరో అనే డాక్టర్ ఆ కుటుంబం కథంతా తవ్వితీసి, సహచరుడు లోవెల్‌తో కలిసి లాన్సెట్ పత్రికలో రాశాడు. ఇది వంశంలో దిగివచ్చే లోపమని తేలింది అలాగే.

ఆ కుర్రాడు నోరు విప్పి చెప్పకపోతే అతనూ ఆ లెక్కలో పదకొండోవాడై ఉండేవాడేమో. నేను కింద చెప్పబోయే విషయానికి ఇదే మూలం.

మా పాపకు ఇది వచ్చే అవకాశం ఎంత?

చాలా తక్కువ. లెక్క దేశాన్ని బట్టి, ఇచ్చే మందుల్ని బట్టి మారుతుంది. 10,000 మత్తులకు ఒకటి నుంచి 2,50,000 మత్తులకు ఒకటి దాకా చెబుతారు. పెద్దల్లో కంటే పిల్లల్లో ఎక్కువగా బయటపడుతుంది, ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో ఎక్కువ. సర్వీసంతా చేసి ఒక్క కేసూ చూడకుండా రిటైరైన మత్తు డాక్టర్లు బోలెడుమంది. నేనూ ఇంతవరకు చూడలేదు. అయితే లోపం మోస్తున్నవాళ్లు మాత్రం బయటపడినవాళ్ల కంటే చాలా ఎక్కువ. సుమారు 2,000 నుంచి 3,000 మందిలో ఒకరు ఉండొచ్చని అంచనా. వాళ్లలో చాలామంది జీవితంలో ఆ మందు జోలికే వెళ్లరు కాబట్టి ఎవరికీ తెలియదు.

ఏయే మందులతో వస్తుంది?

రెండే రకాలు. ఒకటి, పీల్చే మత్తు వాయువులు: హాలోథేన్, ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్. రెండోది సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్, మా థియేటర్ భాషలో స్కోలిన్. గొంతులో గొట్టం వేయడానికి కండరాల్ని చప్పున వదులు చేసే మందు అది.

పిల్లల విషయంలో ఇక్కడో చిక్కుంది. సూది చూస్తే ఏడుస్తారని, ముందు మాస్క్ పెట్టి, బెలూన్ ఊదమని చెప్పి, సెవోఫ్లూరేన్‌తో నిద్రపుచ్చి, ఆ తర్వాతే చేతికి సూది పెడతాం. దాని వాసన అంత ఘాటుగా ఉండదు కాబట్టి పిల్లలు పీల్చేస్తారు. అంటే పెద్దలకు చాలాసార్లు ప్రొపోఫాల్ సూదితో మొదలయ్యేది, పిల్లలకు వాయువుతో మొదలవుతుంది. మామూలు పిల్లలకు ఇది ఎంతో సుఖమైన పద్ధతి, నేను రోజూ వాడేదే. ఎంహెచ్ అనుమానం ఉన్న బిడ్డకు మాత్రం పనికిరాదు. ఏడ్చినా సరే, ముందే సూది పెట్టాల్సిందే. చేతికి మత్తు క్రీమ్ రాసి గంట ఆగితే ఆ నొప్పి కూడా పెద్దగా తెలియదు.

ప్రొపోఫాల్, కెటమిన్, మిడజోలం, ఫెంటానిల్, నైట్రస్ ఆక్సైడ్, వెక్యురోనియం, అట్రాక్యురియం, వెన్నుకు ఇచ్చే మత్తు, తిమ్మిరెక్కించే లిగ్నోకేయిన్ ఇంజెక్షన్, వీటిలో దేనితోనూ ఎంహెచ్ రాదు.

పన్ను పీకించడానికి ఇచ్చే ఇంజెక్షన్‌తో వస్తుందా?

రాదు.

మా వాడికి రెండేళ్లప్పుడు ఒక ఆపరేషన్ అయింది, ఏమీ కాలేదు. ఇక భయం లేనట్టేనా?

అలా అనుకోవడానికి వీల్లేదు. ఎంహెచ్ వచ్చినవాళ్లలో చాలామందికి అంతకుముందు అవే మందులతో మత్తు ఇచ్చినా ఏమీ కాలేదు. ఒకసారి ఎందుకు వస్తుందో, ఇంకోసారి ఎందుకు రాదో పూర్తిగా తేలలేదు. పాత ఆపరేషన్ సాఫీగా జరగడం మంచి కబురే గానీ, ఇంట్లో అనుమానించదగ్గ చరిత్ర ఉంటే ఆ ఒక్క మాటతో దాన్ని కొట్టిపారేయలేం.

మాది మేనరికం. దానివల్ల వస్తుందా?

మేనరికం వల్ల కొత్తగా పుట్టుకొచ్చేది కాదు. తల్లిదండ్రుల్లో ఒక్కరికి లోపం ఉన్నా చాలు, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. అయితే మేనరికంలో అమ్మ వైపు, నాన్న వైపు ఒకే వంశం కాబట్టి ఆ లోపం రెండు వైపుల నుంచీ రావడం సాధ్యమే. రయనోడిన్ జన్యువులో రెండు కాపీలూ దెబ్బతిన్న కొందరు పిల్లలు పుట్టుకతోనే కండరాల బలహీనతతో ఉంటారు. ఇంకో మాట. మేనరికాల్లో చుట్టరికాలు కలగలిసిపోయి ఉంటాయి కాబట్టి “అది మా వైపు కాదండీ, వాళ్ల వైపు” అనే జవాబుకు అర్థం లేదు.

మా చుట్టాల్లో ఒకాయన “మత్తు తట్టుకోలేక” పోయాడంటారు. ఎప్పుడో పాత సంగతి. అదీ చెప్పాలా?

ఈ పేజీలో మిగతావన్నీ మరిచిపోయినా ఫర్వాలేదు, ఇది మాత్రం చెప్పండి.

ఒకసారి పీఏసీ గదిలో, అంటే ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టర్ చూసే గదిలో, అయిదేళ్ల బాబు హెర్నియా కేసు వచ్చింది. ఫారం మీద ఉన్న ప్రశ్నలన్నీ అడిగాను. ఇంట్లో ఎవరికైనా మత్తుతో ఇబ్బంది వచ్చిందా అంటే తండ్రి “ఏమీ లేదండీ” అన్నాడు. పక్కన స్టూల్ మీద కూర్చున్న నాన్నమ్మ కొంగు సర్దుకుంటూ గొణిగింది: “మరి మా మరిది?” కొడుకు కళ్లతోనే వారించాడు. నేను పెన్ను పక్కన పెట్టి, “చెప్పండి పెద్దమ్మా, ఏమైంది?” అన్నాను.

ఆమె మరిదికి పాతికేళ్లప్పుడు అపెండిక్స్ ఆపరేషన్. బయటికి తెచ్చేసరికి ఒళ్లు పెనంలా కాలిపోతోందట, కాళ్లూ చేతులూ కట్టెల్లా బిగుసుకుపోయాయట. తెల్లారేసరికి పోయాడు. “గుండె ఆగిందన్నారు బాబూ. మా అత్తగారు దిష్టి అంది.” ఆ మనిషి పిల్లవాడికి చిన్నతాత. ఆయన అన్నగారు, అంటే ఈవిడ భర్త, అదే లోపం మోస్తుంటే అది ఈ తండ్రికీ, ఆయన నుంచి బాబుకీ రావచ్చు. తండ్రి దాచడానికి కారణం కూడా తర్వాత చెప్పాడు. ఆపరేషన్ వాయిదా పడితే మళ్లీ సెలవు దొరకదని. నాకు కోపం రాలేదు, సెలవుల సంగతి నాకూ తెలుసు.

ఆపరేషన్ నాలుగు రోజులు ఆగింది, అంతే. వాయువులు లేకుండా, ప్రొపోఫాల్ డ్రిప్ మీద, నడుము కింద తిమ్మిరి ఇంజెక్షన్‌తో కలిపి చేశాం. సాయంత్రానికి బాబు బిస్కెట్లు అడిగాడు. ఆ వంశంలో ఎంహెచ్ ఉందో లేదో నేటికీ తేలలేదు. తేలకపోయినా, ఉన్నట్టే భావించి జాగ్రత్తపడితే మాకు పోయేదేమీ లేదు.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. ఆపరేషన్ బల్ల మీదో, ఆ రాత్రో ఎవరైనా పోయారా? ఆపరేషన్ మధ్యలో ఒళ్లు కాలిపోయిందని, బిగుసుకుపోయాడని విన్నారా? మత్తు తర్వాత ఐసీయూలో పెట్టారా, నల్లటి మూత్రం వచ్చిందా? వ్యాధి పేరు మీకు తెలియక్కర్లేదు. ఆ రోజుల్లో చాలామందికి “గుండె ఆగింది” అనే రాసేవాళ్లు. పీఏసీకి వచ్చేటప్పుడు వీలైతే నాన్నమ్మనో అమ్మమ్మనో వెంట తెచ్చుకోండి.

ముందే చర్మం మీద టెస్ట్ డోస్ వేసి చూడొచ్చు కదా?

ఇది అలర్జీ కాదు. చర్మం మీద ఎంత వేసినా ఏమీ తెలియదు. మామూలు రక్తపరీక్షల్లోనూ దొరకదు. సీపీకే, అంటే కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్, ఎక్కువగా ఉంటే కండరాల జబ్బు ఏదైనా ఉందేమోనని ఆలోచిస్తాం గానీ, అది నార్మల్‌గా ఉందని ధైర్యం చెప్పలేం.

నమ్మదగ్గ పరీక్ష ఒకటుంది. తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి, అది తాజాగా ఉండగానే హాలోథేన్, కెఫీన్ తగిలించి ఎంత బిగుస్తుందో కొలుస్తారు. అవును, కాఫీలో ఉండే కెఫీనే. ముక్కను పార్సిల్ చేసి పంపడం కుదరదు, మనిషే ఆ ల్యాబ్‌కి వెళ్లాలి. ప్రపంచం మొత్తం మీద అలాంటి ల్యాబ్‌లు కొన్నే. చిన్నపిల్లలకు ఈ పరీక్ష చేయరు, ముందు తల్లిదండ్రులకు చేస్తారు. జన్యు పరీక్షకైతే రక్తం చాలు. హాని చేసే మార్పు కనబడితే రిస్క్ ఉన్నట్టే లెక్క. కనబడకపోతే లేదని మాత్రం చెప్పలేం. ఎంహెచ్ కలిగించే మార్పులన్నీ ఇంకా పట్టుబడలేదు. అనుమానం బలంగా ఉన్న ఇంట్లో ఈ పరీక్ష గురించి జెనెటిక్స్ డాక్టర్‌తో మాట్లాడటం మంచిది. ఏ చరిత్రా లేని ఇంట్లో ఊరికే చేయించమని నేను చెప్పను.

ఆపరేషన్ మధ్యలో వస్తే మీకు ఎలా తెలుస్తుంది? థర్మామీటర్ పెడతారా?

పెడతాం, కానీ దానికంటే ముందు తెలిసేది ఊపిరిలో. బిడ్డ వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో మానిటర్ చూపిస్తుంది, మామూలుగా 35, 40 మధ్య ఉంటుంది. వెంటిలేటర్ సరిగ్గానే కొడుతుంటుంది, గొట్టం సరిగ్గానే ఉంటుంది. అయినా ఆ అంకె 45 అవుతుంది. ఊపిరి వేగం పెంచుతాం. అయినా 52, తర్వాత 60. దానితోపాటు గుండె పరుగు. ఇక అప్పుడు సర్జన్‌ని చెయ్యి ఆపమంటాం. కొందరికి స్కోలిన్ ఇచ్చాక దవడ తెరవరాకుండా బిగుసుకుపోవడమే మొదటి గుర్తు. ఒళ్లు వేడెక్కడం చాలాసార్లు ఆ తర్వాతే. మొదలైతే మాత్రం అయిదు నిమిషాలకు ఒకటి, రెండు డిగ్రీల సెల్సియస్ దాకా ఎగబాకొచ్చు.

ఇది మత్తు మొదలైన నిమిషాల్లోనే రావచ్చు, గంట తర్వాతా రావచ్చు. ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు ఏసీ గది ఉందా అని కాదు, “థియేటర్‌లో కార్బన్ డయాక్సైడ్ మానిటర్ ఉందా?” అని అడగండి. ఈ ప్రశ్న అడిగిన తండ్రిని నేను మనసులోనే మెచ్చుకుంటాను.

వస్తే ఏం చేస్తారు?

వాయువు ఆపేస్తాం. నూరు శాతం ఆక్సిజన్ జోరుగా ఇస్తాం. ఆపరేషన్ వీలైనంత త్వరగా ముగిస్తారు. విరుగుడు ఒక్కటే, డాంట్రోలిన్. తెరుచుకుపోయిన ఆ కాల్షియం తలుపును మూసే మందు ఇది. 1975లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో హారిసన్ అనే డాక్టర్ పందుల మీద దీన్ని నిరూపించాడు. కొన్ని జాతుల పందులకు అచ్చం ఇదే లోపం ఉంటుంది, బెదిరినా చాలు బిగుసుకుని చచ్చిపోతాయి. 1979లో అమెరికా ఈ ఇంజెక్షన్‌కు అనుమతి ఇచ్చింది. అంతకుముందు ఎంహెచ్ వచ్చిన పదిమందిలో ఎనిమిది మంది చనిపోయేవాళ్లు. మందు సమయానికి అందే చోట ఇప్పుడు ఆ సంఖ్య పదిలో ఒకటి కంటే తక్కువ.

మోతాదు కిలోకి 2.5 మిల్లీగ్రాములు, తగ్గేదాకా మళ్లీ మళ్లీ. పాతరకం సీసాలో ఉండేది 20 మిల్లీగ్రాములే. అంటే 20 కిలోల బిడ్డకు మొదటి మోతాదుకే 50 మిల్లీగ్రాములు, మూడు సీసాలు విప్పాలి. ఒక్కో సీసాలో 60 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోయాలి, సెలైన్ పనికిరాదు. గడువు తీరిన సీసాలతో మేం ఒకసారి డ్రిల్ చేశాం. నారింజ రంగు పొడి ఎంత గిలకొట్టినా అడుగున అంటుకునే ఉంటుంది. చేతులు నొప్పెట్టాయి. ఒక సిస్టర్ నవ్వుతూ “సార్, మజ్జిగ చిలికినట్టుంది” అంది. నిజం కేసులో ఈ పనికే ఇద్దరు ముగ్గుర్ని కేటాయించాలని ఆ రోజే అర్థమైంది. ఇప్పుడు ఒకే సీసాలో 250 మిల్లీగ్రాములు, 5 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగే రకం వచ్చింది గానీ దాని ధర చాలా ఎక్కువ.

దీంతోపాటు చల్లటి సెలైన్, చంకల్లో గజ్జల్లో ఐస్ ప్యాక్‌లు, పొటాషియం తగ్గించే మందులు. 38 డిగ్రీల దగ్గరికి రాగానే చల్లబరచడం ఆపేస్తాం, లేకపోతే బిడ్డ మరీ చల్లబడిపోతాడు. తర్వాత కనీసం ఒక రోజు ఐసీయూ. తగ్గినట్టే తగ్గి, నలుగురైదుగురిలో ఒకరికి మళ్లీ తిరగబెడుతుంది.

ఆ మందు మన ఊళ్లో దొరుకుతుందా?

అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు, ఇది దాచుకోవాల్సిన సంగతి కాదు. అమెరికాలో ఈ వాయువులు వాడే చోట 36 సీసాలు సిద్ధంగా ఉంచుకోవాలని సిఫార్సు. మన దేశంలో ఈ ఇంజెక్షన్ చాలాకాలం సులభంగా దొరకలేదు. ఇంజెక్షన్ లేక, కాళ్లు బిగుసుకునే జబ్బుకు వాడే డాంట్రోలిన్ క్యాప్సూల్స్‌ను విప్పి ముక్కు గొట్టం ద్వారా పొట్టలోకి ఇచ్చిన సందర్భాలను మన డాక్టర్లే పత్రికల్లో రాశారు. ఖరీదైన మందు, ఏళ్ల తరబడి అక్కర పడకపోవచ్చు, ఈలోగా గడువు తీరిపోతుంది. అందుకే చిన్న నర్సింగ్‌హోమ్‌లు కొనవు. నా అభిప్రాయం అడిగితే, ఒక ఊళ్లోని ఆసుపత్రులన్నీ కలిసి ఒకచోట స్టాక్ పెట్టుకుంటే ఎవరి మీదా పెద్ద భారం పడదు. అనుమానం ఉన్న బిడ్డకైతే చిన్నచోట వద్దు. మందు ఉన్న పెద్ద ఆసుపత్రికే తీసుకెళ్లండి, ఉందా అని సూటిగా అడగండి.

ఆపరేషన్ అయిన మర్నాడు జ్వరం వచ్చింది. ఇదేనా?

దాదాపు ఎప్పుడూ కాదు. వార్డుకి వచ్చి, పాలు తాగి, మర్నాడు వచ్చే జ్వరానికి వేరే కారణాలుంటాయి. సర్జన్‌కి చూపించండి.

మా బాబుకి డుషెన్ కండరాల జబ్బు ఉంది. వాడికీ ఎంహెచ్ వస్తుందా?

డుషెన్ పిల్లలకు వచ్చేది అసలు ఎంహెచ్ కాదు, కానీ ప్రమాదం దాదాపు అంతే. స్కోలిన్ ఇస్తే పొటాషియం ఒక్కసారిగా ఎగిరి గుండె ఆగిపోవచ్చు, వాయువులతోనూ కండరం కరిగిపోవచ్చు. జబ్బు ఉందని ఇంకా తెలియని చిన్న మగపిల్లల్లో ఇలా జరగడం వల్లే, అత్యవసరమైతే తప్ప పిల్లలకు స్కోలిన్ వాడొద్దని అమెరికాలో మందు పెట్టె మీదే హెచ్చరిక వేయించారు. మీ అబ్బాయి నడక ఆలస్యమైతే, పిక్కలు లావుగా ఉంటే, నేల మీద నుంచి లేచేటప్పుడు తొడల మీద చేతులు ఆనించి లేస్తుంటే, జబ్బు పేరు తెలియకపోయినా మాకు చెప్పండి. అసలు ఎంహెచ్‌తో నేరుగా ముడిపడిన కండరాల జబ్బుల్లో ముఖ్యమైనది సెంట్రల్ కోర్ డిసీజ్.

రిస్క్ ఉందని తేలితే ఆపరేషన్ మానుకోవాలా?

అక్కర్లేదు. మెషీన్ నుంచి వాయువు పాత్రలు తీసేసి, గొట్టాలు, కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకునే సోడాలైమ్ మార్చి, ఆక్సిజన్‌తో చాలాసేపు కడుగుతాం. కొన్ని కొత్త మెషీన్లకు గంటకు పైగా పడుతుంది, చార్‌కోల్ ఫిల్టర్లు ఉంటే ఆ సమయం తగ్గుతుంది. అందుకే అలాంటి బిడ్డను పొద్దున మొదటి కేసుగా పెడతాం. డాంట్రోలిన్‌ను ముందుజాగ్రత్తగా ఇవ్వం, దగ్గర ఉంచుకుంటాం.

ఎండల్లో ఆటలు మాన్పించాలా?

మామూలు ఆటలు మాన్పించొద్దు. అయితే ఈ లోపం ఉన్న కొందరికి మందు లేకుండానే, ఎండలో గట్టిగా శ్రమపడితే వడదెబ్బ తగిలి కండరాలు దెబ్బతిన్నాయి. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం క్రికెట్ ఏ పిల్లలకైనా మంచిది కాదు, వీళ్లకు ఇంకా కాదు. ఆడాక మూత్రం నల్లగా వస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి.

ఒకసారి వచ్చి తగ్గింది. ఇప్పుడేం చేయాలి?

డిశ్చార్జ్ సమ్మరీతో సరిపెట్టుకోకండి. మత్తు డాక్టర్ రాసే అనస్తీషియా చార్ట్ కాపీ అడిగి తీసుకోండి, అందులో ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారో, అంకెలు ఎలా పెరిగాయో ఉంటాయి. అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ, వాళ్ల పిల్లలకూ కబురు చేయండి. అమెరికాలో ఉన్నవాళ్లకైతే ఈ ముక్క తప్పకుండా పంపండి. అక్కడ 1981లో మొదలైన ఎంహెచ్ సంఘం ఉంది, పరీక్షలకు దారి చూపిస్తుంది.

బిడ్డ స్కూల్ బ్యాగ్‌లో, మీ పర్సులో, ఆధార్ కార్డు పక్కన ఒక చీటీ ఉండాలి. దాని మీద తెలుగులోనూ, ఇంగ్లిష్‌లోనూ పెద్ద అక్షరాలతో ఇంతే రాయండి: “మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా ఉంది. స్కోలిన్ వద్దు. సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్, హాలోథేన్, డెస్‌ఫ్లూరేన్ వద్దు. డాంట్రోలిన్ దగ్గర పెట్టుకోండి.” కింద మీ ఫోన్ నంబర్.